జన్యువులకు సంజాయిషీ నోటీసు

నాగలగుట్ట పశువుల డాక్టరు తిరుపాలు ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎవరి జోలికీ పోని మనిషి. ఎద్దుకు పుండైతే మందు రాశాడు. బర్రె కడుపులో అడ్డం తిరిగిన దూడను చెయ్యి పెట్టి సరిచేశాడు. పైనుంచి ఏ కాగితం వచ్చినా సంతకం పెట్టాడు, ఏ లెక్క అడిగినా పంపాడు. అలాంటి మనిషి ఆరు పందుల రక్తం తీసి ఒక సైంటిస్టుకు పంపిన పాపానికి, జిల్లా పశువుల శాఖ మొత్తం రెండు నెలలపాటు కంటికి కనిపించని వాటితో ఉత్తరప్రత్యుత్తరాలు నడపాల్సి వచ్చింది.

మొదట్లో అంతా సవ్యంగానే ఉంది. పశువైద్య విశ్వవిద్యాలయంలో పనిచేసే సుహాసిని ఒకరోజు ఫోన్ చేసింది. కాలేజీలో తిరుపాలుకు రెండేళ్లు జూనియరు.

"అన్నా, పందుల జ్వరం టీకా మీద పరిశోధన చేస్తున్నాను. టీకా వేశాక పంది రక్తంలోని తెల్లకణాల్లో ఏయే జన్యువులు చురుగ్గా పనిచేస్తాయి, ఏవి నెమ్మదిస్తాయి అని చూడాలి. టీకాకు ముందొకసారి, తరవాత మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు రక్తం కావాలి. ఆరు పందులు చాలు. టీకా డోసులు నేనే పంపుతాను."

నాగలగుట్టలో పందులంటే సుంకులమ్మవే. ఊరి చివర రాతిగోడ దొడ్డి, అందులో ముప్పైనాలుగు పందులు. మొగుడు పోయిన తొమ్మిదేళ్ల నుంచి వాటిని ఆమె, ఆమెను అవి పోషిస్తూ వస్తున్నాయి. ప్రతి పందికీ పేరుంది. ఆమె గొంతెత్తి ఒకదాన్ని పిలిస్తే ముప్పైనాలుగూ తలలెత్తుతాయి గాని, పిలిచిందే కదులుతుంది.

తిరుపాలు, కాంపౌండరు హుసేనప్ప కలిసి వెళ్లి సంగతి చెప్పారు.

"రగతం తీసకపోయి ఏం సూస్తారు సార్?" అంది సుంకులమ్మ, తవుడు కలిపిన చేతులు చీర చెంగుకు తుడుచుకుంటూ.

తిరుపాలు కాసేపు ఆలోచించాడు. "ఒంట్లో ప్రతి కణంలోనూ వేల జన్యువులు ఉంటాయమ్మా. పనివాళ్లనుకో. అందరూ ఒకేసారి పనిచెయ్యరు. టీకా వేస్తే తెల్లకణాల్లో కొందరు లేచి పని మొదలుపెడతారు, కొందరు పని తగ్గిస్తారు. ఎవరు ఏం చేశారో చూస్తారన్నమాట."

"అంతేనా! మా దొడ్లోకి కుక్కలు పడితే నేను కట్టె పట్టుకోని ఉరుకుతా. పొయ్యి మీది కూడు అట్లే వదిలేస్తా. ఆ పొద్దు కూడు మాడిపోయిందని ఎవురన్నా నన్ను అంటారా? అట్లాంటిదే కదా?"

"సరిగ్గా అదే," అన్నాడు తిరుపాలు. తను వారం రోజులు చదివినా ఇంత చక్కగా చెప్పలేకపోయేవాడినని అతనికి అనిపించింది.

"సరే తీసుకోండి. కానీ సార్, మిగతా ఇరవై ఎనిమిదిటికి కూడా సూదులు ఎయ్యల్ల. ఆరిటికి ఏసి అన్నీ అయిపోయినాయని పోతే నేను ఊరుకోను."

"ప్రభుత్వ టీకా వచ్చే నెలలో వస్తుంది. వచ్చిన రోజే వేస్తాను," అని మాటిచ్చాడు తిరుపాలు.

ఆ మాటే తరవాత అతన్ని నిద్రపోనివ్వలేదు.

*

రక్తం వెళ్లింది. సుహాసిని పరీక్షలు చేసి నివేదిక రాసింది. టీకా వేసిన ఏడో రోజుకు ఆరువందల నలభై జన్యువులు చురుకందుకున్నాయి, ఐదువందలు నెమ్మదించాయి, టీకా చక్కగా పనిచేస్తోంది, పందులు ఆరోగ్యంగా ఉన్నాయి అని దాని సారాంశం. నివేదికకు ఒక రంగుల పటం జతచేసింది. చురుకైన జన్యువులకు ఎరుపు, నెమ్మదించిన వాటికి ఆకుపచ్చ. వాళ్ల శాస్త్రంలో అదే వాడుక. మర్యాద కోసం ఒక ప్రతి జిల్లా శాఖకు పంపింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే జిల్లా శాఖలో 'పనితీరు, ప్రమాణాల విభాగం' అని కొత్తగా ఒకటి వెలిసింది. దానికి ప్రత్యేకాధికారి కోదండపాణి గారు. అంతకుముందు ఆయన తూనికలు కొలతల శాఖలో తక్కెడలు తనిఖీ చేసేవారు. కొలవగలిగిన ప్రతిదాన్నీ పెంచవచ్చని, పెరగనిదాన్ని ప్రశ్నించవచ్చని ఆయన నమ్మకం. వచ్చిన నెలలోనే ఒక పోర్టల్ పెట్టించారు. అందులో ప్రతి ఆసుపత్రికీ, ప్రతి డాక్టరుకూ, ప్రతి బర్రెకూ ఒక గడి. పని పెరిగితే గడి ఆకుపచ్చ, తగ్గితే ఎరుపు. ఎండాకాలం పాలు తగ్గాయని నాలుగొందల బర్రెల గడులు ఎర్రబడితే, ఆయన మూడు రోజులు భోజనం సరిగా చెయ్యలేదని చెప్పుకున్నారు.

అలాంటి మనిషి బల్ల మీద సుహాసిని పంపిన పటం పడింది. అందులో సగానికి పైగా ఎరుపు.

మర్నాడు పదిన్నరకు వీడియో కాన్ఫరెన్స్. జిల్లాలోని డాక్టర్లందరూ తమ తమ ఆసుపత్రుల్లో కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. సుహాసినిని కూడా పిలిపించారు.

"నాగలగుట్ట డాక్టర్ గారూ," అన్నారు కోదండపాణి, గొంతులో నిజమైన బాధతో. "మీ మండలంలో టీకా వేసిన పందుల తెల్లకణాలలో ఆరువందల నలభై జన్యువుల పనితీరు ఎరుపులో ఉండుటను ఈ విభాగం తీవ్రంగా పరిగణించడమైనది. దీనికి బాధ్యులెవరు?"

సుహాసిని అందుకుంది.

"సార్, ఆ పటంలో ఎరుపంటే పెరిగినట్టు."

తెర మీద కోదండపాణి గారి కళ్లజోడు కిందికి జారింది. "ఎరుపంటే పెరగడమా?"

"అవును సార్, ఆకుపచ్చంటే తగ్గినట్టు."

"అమ్మా, ఎరుపు అనగా తగ్గుదల అని ఈ విభాగం మెమో ద్వారా నిర్ణయించడమైనది. రంగులకు ఇష్టం వచ్చిన అర్థాలిచ్చుకుంటూ పోతే రేపు ఎర్ర దీపం చూసి బండ్లు పోతాయి. పటాన్ని శాఖాపరమైన రంగుల్లోకి మార్చి మళ్లీ పంపండి."

మార్చి పంపింది. ఈసారి ఐదువందల గడులు ఎర్రగా వచ్చాయి. కోదండపాణి గారు మొదటి అంకె కన్నా ఇది తక్కువని సంతోషించలేదు. ఎరుపు ఎరుపే.

"టీకా వెయ్యకముందు ఈ ఐదువందలూ పనిచేస్తున్నాయి కదా?" అని అడిగారు.

"చేస్తున్నాయి సార్," అన్నాడు తిరుపాలు.

"టీకా వేశాక తగ్గించేశాయి. ప్రభుత్వం టీకా ఇచ్చింది పని పెంచడానికా, తగ్గించడానికా?"

"సార్, అన్నీ పెరిగితే పంది బతకదు. ఒంట్లో ఒక పని పెరగాలంటే ఇంకో పని..."

"డాక్టర్ గారూ, ఈ మాట నేను తూనికల శాఖలో కూడా విన్నాను. ఒకవైపు బరువు పెరగాలంటే ఇంకోవైపు తగ్గాలనేవారు. అది తక్కెడ. ఇది ప్రభుత్వం. ఆ ఐదువందల జన్యువులకూ సంజాయిషీ నోటీసులు వెళ్తాయి. మీ ద్వారా."

ఆయన కోపంగా అనలేదు. ఎవరికీ అన్యాయం జరగకూడదనే తపనతోనే అన్నారు. వాదన వినకుండా చర్య తీసుకోవడం ఆయనకు సుతరామూ ఇష్టం లేదు.

*

నోటీసులు నాలుగో రోజున వచ్చాయి. ఆరు పందులకు, పందికి ఐదువందల చొప్పున మూడువేలు. గోనెసంచిలో కుక్కి హుసేనప్ప తన మోపెడ్ మీద వేసుకొచ్చాడు.

"సార్, వీటిని ఎవురికి ఇయ్యల్ల?"

తిరుపాలు పైనున్నది తీసి చదివాడు.

'విషయం: పందులు – తెల్లకణములు – టీకా అనంతరం జన్యువుల పనితీరు తగ్గుదల – సంజాయిషీ కోరుట – గురించి. నాగలగుట్ట గ్రామం, సుంకులమ్మ దొడ్డి, చెవి ట్యాగు నంబరు నలభై ఒకటి గల పంది యొక్క తెల్లకణములలో పనిచేయుచున్న జన్యువునకు తెలియజేయునది ఏమనగా, టీకా వేసిన నాటి నుండి తమరు ముందస్తు అనుమతి లేకుండా పనితీరును తగ్గించుకొనినట్లు గమనించడమైనది. ఈ నోటీసు అందిన మూడు పనిదినములలో సంజాయిషీ సమర్పించని యెడల తమరు చెప్పుకొనుటకు ఏమియు లేదని భావించి, నిబంధనల మేరకు చర్య గైకొనబడును.'

"చిరునామా దొడ్డిది కాబట్టి దొడ్డికే పోదాం," అన్నాడు.

సుంకులమ్మ గోనెసంచిని చూసి తవుడు తెచ్చారనుకుంది. కాదని తెలిశాక నడుం మీద చేతులు పెట్టుకుని విన్నది. నలభై ఒకటో నంబరు పంది, ఆమె పెట్టిన పేరు సీతాలు, బురదలో పడుకుని ఉంది. నిబంధన ప్రకారం నోటీసు సారాంశాన్ని చదివి వినిపించాలి. హుసేనప్ప గొంతు సవరించుకుని చదివాడు. సీతాలు లేచి వచ్చి కాగితం వాసన చూసి, మళ్లీ వెళ్లి పడుకుంది.

"తింటాదేమో అనుకున్నా," అన్నాడు హుసేనప్ప కొంచెం నిరాశగా.

"నా పందులు అడ్డమైనవి తినవు హుసేనన్నా," అంది సుంకులమ్మ. తరవాత తిరుపాలు వైపు తిరిగింది. "సార్, ఇదంతా నాకెందుకు గాని, మిగతావాటికి సూదులు యాడ?"

"టీకా వచ్చిందమ్మా. ఫ్రిజ్‌లో ఉంది. ఈ సంజాయిషీ తేలకముందే మళ్లీ వేస్తే పైవాళ్లేమంటారో..."

"వస్తే ఎయ్యి మరి."

తిరుపాలు నోటీసుల కట్ట ఆమె ముందు పెట్టాడు. మూడువేల నోటీసులు అందినట్టు ఆమె సంతకాలు పెట్టాలి. పొదుపు సంఘంలో నేర్చుకున్న సంతకం, నాలుగక్షరాలు, ఒక్కొక్కటీ దిద్దినట్టు రాస్తుంది. ముప్పయ్యో కాగితం దగ్గర పెన్ను కింద పెట్టేసి, "మిగతావి నువ్వే గీకు సార్. నాకు కుడితి పెట్టే యాళయింది," అంది. తిరుపాలే గీకాడు.

సంజాయిషీ కూడా అతనే రాశాడు. జన్యువుల తరఫున రాయడం అలవాటు లేక, 'మేము' అనాలా 'అవి' అనాలా తేల్చుకోలేక రెండు రోజులు పట్టింది. చివరికి సుంకులమ్మ చెప్పిన కుక్కల కథే రాసి, కూడు మాడిపోయినందుకు చింతిస్తున్నామని ముగించాడు.

వారానికి జవాబొచ్చింది. 'సంజాయిషీ పరిశీలించడమైనది. సంతృప్తికరముగా లేదు. పొయ్యి వదిలి వెళ్లునపుడు సదరు జన్యువులు బాధ్యతలను వేరొకరికి అప్పగించినట్లు ఆధారములు లేవు. సెలవు దరఖాస్తులు జతపరచలేదు. కావున ప్రతి జన్యువూ నూరు శాతం పనితీరు కనబరచు టీకా అందుబాటులోకి వచ్చునంత వరకు జిల్లాలో పందుల టీకా కార్యక్రమము నిలిపివేయడమైనది. టీకా వెయ్యని పందులలో ఎట్టి తగ్గుదల లేనందున, వాటిని ఆదర్శ పందులుగా గుర్తించడమైనది.'

దాంతోపాటు సుంకులమ్మ గారి ఇరవై ఎనిమిది ఆదర్శ పందులకు ప్రశంసాపత్రాలు కూడా వచ్చాయి. ఆమె వాటిని తీసుకోలేదు.

"నాకు కాయితాలిస్తావు గాని సూది ఎయ్యవు," అంది. అరవలేదు. మెల్లిగానే అంది. ఎప్పుడూ అరిచే మనిషి మెల్లిగా మాట్లాడితే తిరుపాలుకు ఎలాగో అయింది. ఆసుపత్రికి వచ్చి ఫ్రిజ్ తలుపు తీసి టీకా సీసాలను చూసి, మళ్లీ వేసేశాడు. ఆజ్ఞ ఆజ్ఞే. ఇరవై రెండేళ్లలో ఒక్కదాన్ని కూడా మీరింది లేదు.

*

పది రోజుల తరవాత కొత్తబురుజు నుంచి కబురొచ్చింది. నాగలగుట్టకు పదకొండు కిలోమీటర్లు. అక్కడ సుంకులమ్మ తమ్ముడు ఓబులేసుకు పంతొమ్మిది పందులున్నాయి. తిరుపాలు వెళ్లేసరికి ఏడు చనిపోయాయి. మిగతావి ఒకదాని మీద ఒకటి పడి మూలుగుతున్నాయి. ఒళ్లు కాలిపోతోంది, చెవులు ఊదారంగు తిరిగాయి. చూడగానే పందుల జ్వరమని తెలుస్తూనే ఉంది. అయినా పరీక్షకు పంపాలి. బతికున్న ఒక పంది రక్తం తీశాడు.

ఓబులేసు దొడ్డి గోడ మీద కూర్చుని ఉన్నాడు. "మా అక్కకు సూదులు ఏస్తారంటనే సార్. తరవాత మా ఊరికి కూడా వస్తారని చెప్పింది. నేను ఎదురుసూస్తానే ఉండా," అన్నాడు. అతని గొంతులో నిందేమీ లేదు. ఉంటే తిరుపాలుకు కొంత తేలిగ్గా ఉండేది.

మూడు రోజుల్లో పంతొమ్మిదీ పోయాయి.

సుహాసిని అది పందుల జ్వరమేనని నిర్ధారించి, జన్యువుల సంగతి కూడా రాసి పంపింది. ఆ నివేదిక పోర్టల్‌లోకి దానంతటదే ఎక్కింది. పెరిగినవి, తగ్గినవి రెండూ లెక్కగట్టి, తేడాను మార్కులుగా వేసే ఏర్పాటు అందులో ఉంది. సుంకులమ్మ టీకా పందులకు నూటనలభై మార్కులు. కొత్తబురుజు పందికి రెండువేల మూడువందలు.

మళ్లీ వీడియో కాన్ఫరెన్స్. కోదండపాణి గారి ముఖం వెలిగిపోతోంది.

"అందరికీ ఒక శుభవార్త. పోర్టల్ చరిత్రలో మొట్టమొదటిసారి ఒక జంతువు రెండువేల మార్కులు దాటింది. కొత్తబురుజు పంది. వేల జన్యువులు ఒక్కుమ్మడిగా పని అందుకున్నాయి. ఎవరి ప్రోత్సాహంతో? ఎవరిదీ కాదు. స్వచ్ఛందంగా! దీన్నే నేను అంకితభావం అంటాను."

"సార్," అన్నాడు తిరుపాలు, "ఆ పందికి జ్వరం. వైరస్ ఒళ్లంతా పాకిపోయి, తట్టుకోలేక కణాలన్నీ ఎగబడ్డాయి. అది పనితీరు కాదు సార్. అది చావుబతుకుల పోరాటం."

"పోరాట పటిమ కూడా పనితీరే."

"సార్, మేము రక్తం తీసిన రోజు సాయంత్రం అది చనిపోయింది."

కోదండపాణి గారు తల తిప్పారు. పక్కనున్న గుమాస్తాను ఏదో అడిగారు. అతను కాగితాలు తిరగేసి తల అడ్డంగా ఊపాడు.

"మరణాలు మన విభాగం పరిధిలోకి రావట. గణాంకాల వారు చూస్తారు. మనం పనితీరు వరకే," అన్నారు. "కొత్తబురుజు నమూనాను మిగతా మండలాలకు ఎలా విస్తరింపజేయాలో డాక్టర్లందరూ శుక్రవారంలోగా ప్రతిపాదనలు పంపాలి. ఆ రైతును రేపు సన్మానిస్తున్నాం."

తెర మీద ఇరవై ముగ్గురు డాక్టర్ల ముఖాలున్నాయి. అందరూ తలలు వంచుకుని రాసుకుంటున్నారు. జ్వరాన్ని మిగతా మండలాలకు విస్తరింపజేసే ప్రతిపాదన రాయమన్నారని వాళ్లలో ప్రతివాడికీ తెలుసు. తిరుపాలు కూడా అలవాటుగా పెన్ను తీశాడు. తెల్లకాగితం మీద 'విషయం' అని రాసి, రెండు చుక్కలు పెట్టి ఆగిపోయాడు.

మర్నాడు రెండు జీపులు, ఒక శాలువా, ఒక పూలదండ, ఒక ఫోటోగ్రాఫరు కొత్తబురుజు చేరాయి. దొడ్డి ఖాళీగా ఉంది. నేల మీద తెల్లగా సున్నం చల్లి ఉంది.

"ఆ పంది ఏదయ్యా?" అని అడిగారు కోదండపాణి.

ఓబులేసు వాగు అవతలి మెరక చూపించాడు. కొత్తగా పూడ్చిన మట్టి. "ఆడుండాది సార్. పంతొమ్మిదీ ఆడనే ఉండాయి. సన్మానం దానికే అంటాండారు కదా, ఆ శాలువా ఆడ కప్పండి. నాకొద్దు."

కోదండపాణి గారు శాలువా చేత్తో పట్టుకుని కొంచెంసేపు అలా నిలబడిపోయారు. ఆయన కంప్యూటరు తెర మీద కాక వట్టి నేల మీద ఖాళీ దొడ్డిని చూడటం బహుశా అదే మొదటిసారి. ఫోటో తియ్యబోయిన మనిషిని వద్దని సైగ చేశారు. శాలువా మడిచి జీపులో పెట్టించి, వెనుదిరిగారు. కానీ కార్యాలయానికి వెళ్లాక పోర్టల్ తెరిచారు. రెండువేల మూడువందలు ఆకుపచ్చగా మెరుస్తోంది. కళ్లతో చూసినదాని కన్నా అది స్పష్టంగా ఉంది.

*

ఆ మర్నాడు పొద్దున్నే సుంకులమ్మ ఆసుపత్రికి వచ్చింది. తమ్ముడి దొడ్డి నుంచి తిన్నగా వచ్చినట్టుంది, కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"సార్, ఆ సీసాలు నాకియ్యి. నేనే ఏసుకుంటా. నీ మీదికి రానియ్యను. దొంగతనం సేసినాదని రాసుకో," అంది.

తిరుపాలు ఆమెను కూర్చోమన్నాడు. కూర్చోలేదు. ఆ సమయంలోనే హుసేనప్ప టపా తెచ్చి బల్ల మీద పెట్టి, పైనున్న కాగితం చదివి విసుక్కున్నాడు.

"ఇంగొకటి సార్. ప్రతి మండలమూ ఈ నెలలో ఒక సామర్థ్య పెంపు శిక్షణ పెట్టి ఫోటోలు పంపల్లంట. శిక్షణలకు పై అనుమతి అక్కర్లేదంట. ఎవురికి పెడదాం? మొన్న గొర్రెల కాపర్లను పిలిస్తే ఒక్కడన్నా వచ్చినాడా?"

తిరుపాలు ఆ కాగితాన్ని తీసుకుని రెండుసార్లు చదివాడు. తరవాత సుంకులమ్మను చూశాడు, ఫ్రిజ్‌ను చూశాడు. టీకా అంటే ఏమిటి? తెల్లకణాలకు శత్రువును ముందుగా చూపించి, వస్తే ఏం చెయ్యాలో నేర్పడం. కాలేజీ మొదటి సంవత్సరంలో మాస్టారు చెప్పిన పాఠం అదే. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

"హుసేనప్పా, రాసుకో," అన్నాడు. ఆ గొంతు హుసేనప్ప ఇదివరకెప్పుడూ వినలేదు. "కార్యక్రమం: సుంకులమ్మ దొడ్డిలోని పందుల తెల్లకణములకు సామర్థ్య పెంపు శిక్షణ. శిక్షణార్థులు: వెనుకబడిన జన్యువులు. శిక్షకుడు: నేను. పాఠ్యసామగ్రి: తలకు ఒక మిల్లీలీటరు."

హుసేనప్ప పెన్ను ఆగింది. "సార్, అది టీకా కదా?"

"పాఠ్యసామగ్రి."

పోర్టల్‌లో ఎక్కించిన పావుగంటకు కోదండపాణి గారే ఫోన్ చేశారు. తిరుపాలు లేచి నిలబడి ఫోన్ ఎత్తాడు.

"డాక్టర్ గారూ, శభాష్! చర్యలు తీసుకోవడమే తప్ప వాటికి శిక్షణ ఇవ్వాలన్న ఆలోచన నాకు కూడా రాలేదు. మనం జన్యువులను నిందించాం గాని నేర్పించామా? బ్యానరు మాత్రం ఉండాలి. హాజరు పట్టీ ఉండాలి."

"ఉంటాయి సార్."

"మధ్యలో అల్పాహారం?"

"తవుడు, కుడితి సార్."

"బాగుంది. కానివ్వండి."

ఆ మధ్యాహ్నమే దొడ్డి గోడకు బ్యానరు కట్టారు. మొదటి పందిని సుంకులమ్మ చెవి పట్టుకుని ఒడిసి ఆపింది, తిరుపాలు మెడ వెనక సూది గుచ్చాడు, హుసేనప్ప హాజరు వేశాడు. రెండోది, మూడోది. పందుల అరుపులకు ఊళ్లోవాళ్లు గోడ చుట్టూ చేరి బ్యానరు చదువుకుని నవ్వుకున్నారు. సుంకులమ్మ మాత్రం నవ్వలేదు. ఒక్కో పేరూ పిలుస్తూ, సూది పడ్డాక ఒక్కోదాని వీపు మీద తట్టి వదులుతోంది.

ఇరవై ఏడు అయ్యాయి. ఇరవై ఎనిమిదోది పిలిస్తే రాలేదు. దాని పేరు బంగారి, ఎర్రటి పెంటి. గోడ నీడలో పడుకుని ఉంది. తిరుపాలు చెయ్యి పెట్టి చూశాడు. ఒళ్లు పేలిపోతోంది.

"దీనికి ఇప్పుడు వేసినా లాభం లేదమ్మా," అన్నాడు. "వచ్చేసింది. దీన్ని వెంటనే వేరుగా కట్టెయ్యాలి."

సుంకులమ్మ బంగారి పక్కన గొంతుక్కూచుంది. తరవాత లేచి, దాన్ని దూరంగా పాత గుడిసెలోకి తానే తోలుకుపోయింది.

బంగారి నాలుగో రోజున పోయింది. ఆ తరవాత తొమ్మిది రోజులు తిరుపాలు రోజూ పొద్దున్నే దొడ్డికి వెళ్లాడు. ఆసుపత్రి తెరవడానికి ముందే వెళ్లి ముప్పైమూడింటి ఒంటి వేడి చూసేవాడు. రెండు పందులు ఒకరోజు మేత ముట్టలేదు. ఆ రోజు అతను కూడా తిండి తినలేకపోయాడు. మర్నాడు అవి లేచి తొట్టి దగ్గర మిగతావాటిని తోసుకుంటూ తిన్నాయి. చుట్టుపక్కల మూడు ఊళ్లలో జ్వరం పడింది. నాగలగుట్టలో ఇంకొక్కటి కూడా పోలేదు.

కోదండపాణి గారు ఎంతో సంతోషించారు. ఇరవై ఏడు పందుల జన్యువులకు శిక్షణ పూర్తి చేసినట్టు ధ్రువపత్రాలు పంపారు. ఈ శిక్షణను జిల్లాలోని ప్రతి పందికీ ఇవ్వాలని, ప్రతి ఏటా పునశ్చరణ తరగతులు జరపాలని ఉత్తర్వు ఇచ్చారు. టీకా నిలుపుదల ఆజ్ఞ మాత్రం అలాగే ఉంది. దాన్ని రద్దు చెయ్యాల్సిన అవసరం ఎవరికీ కనపడలేదు. పందులకు టీకా వెయ్యకూడదు, శిక్షణ తప్పకుండా ఇవ్వాలి. తమకు ఎన్ని డోసుల పాఠ్యసామగ్రి కావాలో మిగతా ఇరవై రెండు మండలాల డాక్టర్లు మర్నాటికల్లా రాసి పంపారు. జ్వరాన్ని విస్తరింపజేసే ప్రతిపాదనలు ఏమయ్యాయో ఎవరూ అడగలేదు.

నెలాఖరుకు ఆఖరి కాగితం ఒకటి వచ్చింది. శిక్షణ మీద అభిప్రాయం చెప్పాలి. శిక్షణార్థుల తరఫున సంరక్షకురాలు చెప్పవచ్చు. తిరుపాలు దాన్ని తీసుకుని దొడ్డికి వెళ్లి, చదివి వినిపించాడు.

"శిక్షణ అత్యుత్తమం, ఉత్తమం, ఫరవాలేదు. ఏది రాయమంటావు?"

"ఏదో ఒకటి రాసుకో సార్."

"కింద సూచనలు అని ఉంది. నువ్వేమైనా చెప్పాలనుకుంటే చెప్పొచ్చు."

సుంకులమ్మ తొట్టిలో కుడితి పోస్తోంది. పోయడం ఆపి, పాత గుడిసె వైపు చూసింది.

"ఇంగోతూరి తొందరగా రమ్మని రాయి," అంది.

తిరుపాలు తల వంచుకుని ఆ మాట ఉన్నది ఉన్నట్టు రాశాడు. ఆమె కింద నాలుగక్షరాల సంతకం పెట్టింది.

మూడో రోజున జవాబొచ్చింది. హుసేనప్ప ఆసుపత్రి అరుగు మీద నిలబడి గట్టిగా చదివాడు. 'తమ సూచన పరిశీలించడమైనది. శిక్షణకు జన్యువులు ఆలస్యముగా హాజరగుచున్నట్లు దీనివలన తెలియవచ్చుచున్నది. కావున ఇకపై వాటి రాకపోకల సమయములను ఉదయం, సాయంత్రం నమోదు చేయవలెను.' చదవడం పూర్తయ్యాక, "దీన్నేం చేద్దాం సార్?" అన్నాడు.

తలెత్తి చూస్తే తిరుపాలు అప్పటికే రోడ్డు మీదున్నాడు. ఐస్ బాక్సు స్కూటరుకు తాడుతో కట్టుకుని, టీకా ఇంకా చేరని పక్క ఊరి దారి పట్టాడు.